ఒక్క తిప్పు

మా ఇంట్లో ముప్పై ఏళ్ళలో ఆవిరి స్నానానికి సౌనా గది వెలగని శనివారం ఒకే ఒక్కటి. ఆ రోజు సౌనా పక్క గదిలో, బట్టలు విప్పి పెట్టుకునే బెంచీ మీద, పాత పేపర్లు పరిచిన ప్లాస్టిక్ తొట్టిలో ఒక కారు బ్యాటరీ కూర్చుని ఉంది. మా అత్త భుజాన తువ్వాలు వేసుకుని గుమ్మంలో నిలబడి దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. ఆ చలికాలమంతా నా గుండె గబగబా కొట్టుకుంటూనే ఉందని, అంత ఉత్సాహంగా అంతకుముందు చాలా ఏళ్ళు లేనని, ఆవిడకి చెప్పినా అప్పట్లో నమ్మేది కాదు.

మొదలైంది అక్టోబరు చివరి ఆదివారం. ఈ ఉత్తరపు మంచుదేశంలో, మా ఈసల్మి ఊళ్ళో, స్పోర్ట్సు కార్లన్నీ మంచు పడకముందే గరాజుల్లోకి వెళ్ళిపోతాయి, మే ఒకటో తారీఖున బయటికొస్తాయి. మా ఆయన ఇల్పో మా కొర్వెట్‌ను వెనక్కి నడిపి లోపల పెట్టాడు. పసుపు రంగు అమెరికా కారు, ఎనిమిది సిలిండర్ల ఇంజను, నేలకి జానెడు ఎత్తు. టాంకు నిండా పెట్రోలు పోయించాడు. టైర్లలో గాలి మామూలుకంటే కాస్త ఎక్కువ కొట్టాడు, ఆరు నెలలు ఒకే చోట నిలబడితే అడుగు చదునైపోకుండా. కింద చెక్క పలకలు, పైన గుడ్డ ముసుగు. చివర్న బ్యాటరీకి కొత్త ఛార్జరు తగిలించి, ప్లగ్గు గోడకి పెట్టి, బొత్తాం నొక్కాడు. చిన్న దీపం వెలిగింది.

తర్వాత వంటింట్లో కాఫీ తాగుతూ ఉంటే మా అత్త అడిగింది. ఆవిడ పేరు ఔనె, ఇంట్లో అందరికీ ముమ్మో.

"ప్రతి ఏడూ నువ్వే కూచుని దీనికి జోలపాట పాడేవాడివి. ఈసారి ఏప్రిల్ దాకా ఓడ ఉద్యోగంలోనే ఉంటానంటున్నావు. మరి నా రెండో కోడల్ని ఎవరు చూస్తారు?"

ఆ కారుని ఆవిడ అలాగే అనేది.

"మర్యుత్ చూస్తుంది," అన్నాడు ఇల్పో.

"రెండో దాన్ని మొదటిదాని చేత కాపలా కాయిస్తావా! సిగ్గుండాలి."

"కాస్తాను," అన్నాను నేను. "కాస్తే నాకేంటి?"

"ఏం కావాలి?"

"స్టీరింగ్."

ఇల్పో నవ్వాడు. పదకొండేళ్ళుగా ఈ మాట వచ్చినప్పుడల్లా అతను నవ్వే నవ్వే. పెళ్ళికి ముందు రెండు చలికాలాలు నేను తుక్కు కారుతో గడ్డకట్టిన చెరువు మీద పందేలు నడిపినదాన్ని. ఆ సంగతి అతనికి తెలుసు. "అది వేరు, ఇది వేరు" అంటాడు. ఎలా వేరో ఎప్పుడూ చెప్పలేదు. నేను పక్క సీట్లో కూచుని, ఒడిలో థర్మాస్ పట్టుకుని, అతను గేరు ఆలస్యంగా మార్చిన ప్రతిసారీ నోరు మూసుకున్నాను.

ఆ రోజు మాత్రం నవ్వు ఆపి నావైపు చూశాడు.

"సరే. మే ఒకటిన ఇదే బ్యాటరీతో, తాళం ఒక్కసారి తిప్పగానే ఇంజను లేవాలి. లేస్తే ఆ రోజు నడిపేది నువ్వే. ఆ వేసవంతా నువ్వే."

"లేవకపోతే?"

"లేవకపోతే ఇంకెప్పుడూ అడక్కూడదు. ఎప్పుడూ అంటే ఎప్పుడూ."

చెయ్యి చాచాను. అతను పట్టుకున్నాడు. ముమ్మో అరచెయ్యి ఎత్తి పైనుంచి కొట్టి మా చేతులు విడదీసింది. మా వైపు పందెం అలా మూడో మనిషి కొడితేనే ఖాయం. కొట్టాక వెనక్కి పోవడం ఉండదు.

మర్నాడు ఇల్పో వెళ్ళిపోయాడు. గుమ్మంలో బూట్లు వేసుకుంటూ చెప్పిన చివరి మాట: "ఏమీ చెయ్యక్కర్లేదు. దీపం వెలుగుతోందో లేదో చూడు, చాలు."

చూశాను. నేను ఏ పనైనా మొదలుపెడితే సగంలో వదలను. మాది తొమ్మిది ఇళ్ళ వరస, ఒక సొసైటీ. గరాజులన్నీ ఒక చివర, ఉత్తరాల డబ్బాల పక్కన. పొద్దున ఆరింటికి పేపరు తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు గరాజు తలుపు ఎత్తేదాన్ని. చీకట్లో, గుడ్డ ముసుగు కింద పడుకున్న ఆ పొడుగాటి ముక్కు పక్కన, చుక్కలా దీపం. రబ్బరు, పాత పెట్రోలు కలిసిన వాసన. ఒక్క నిమిషం నిలబడి పీల్చేదాన్ని. ఇంటికొచ్చి వంటింటి క్యాలెండరు మీద టిక్కు పెట్టేదాన్ని.

తలుపు తీసి లోపల కూచోవాలని ప్రాణం కొట్టుకునేది. కూచోలేదు. తలుపు తీస్తే లోపలి లైటు వెలుగుతుంది, అది కూడా బ్యాటరీ తాగేదే. దానికి బదులు పొయ్యి దగ్గర నిలబడి చెక్క గరిటెతో గేర్లు మార్చేదాన్ని. పైకి ఒకటి, కిందికి రెండు, పక్కకి జరిపి పైకి మూడు. ఎడమ కాలు క్లచ్చు మీద.

"గంజి ఎన్నో గేరులో ఉడుకుతోంది?" అనేది ముమ్మో పేపరు వెనకనుంచి.

"మూడు."

"అడుగంటుతోంది. రెండుకి దించు."

ఫిబ్రవరి ఎనిమిది గురువారం. మా వైపు గురువారం మధ్యాహ్నం అంటే బఠాణీ సూపు, ఆపైన పాన్‌కేకులు. బయట మైనస్ ఇరవై ఎనిమిది. ముమ్మోకి పాన్‌కేకు మీదికి ఎర్రటి, పుల్లటి లింగన్ పళ్ళు కావలసి వచ్చాయి. మా పళ్ళ బకెట్టు గరాజులో ఉంటుంది. పన్నెండింటికి గరాజు తలుపు ఎత్తాను.

దీపం లేదు.

ప్లగ్గు ఊడిందేమోనని నొక్కి చూశాను. తీసి మళ్ళీ పెట్టాను. పక్క సాకెట్‌లో పెట్టాను. ఏమీ లేదు. పొద్దున ఆరింటికి నా కళ్ళతో చూసిన దీపం, టిక్కు కూడా పెట్టి వచ్చాను. బకెట్టు అక్కడే వదిలేసి బయటికి పరిగెత్తాను.

మా పక్కింటి తౌనో తన గుమ్మం ముందు మంచు పారతో తోస్తున్నాడు. డెబ్బై నాలుగేళ్ళవాడు, రిటైరైన ఎలక్ట్రీషియన్. ఇరవై ఏళ్ళుగా మా పక్కనే.

"తౌనో, కరెంటు పోయిందా?"

"పోలేదు. టైము కాలేదు."

"ఏం టైము?"

పార ఆపాడు. "నీకు తెలీదా? నవంబరు ఒకటి నుంచి గరాజు సాకెట్లకి గడియారం పెట్టారు. పొద్దున ఐదు నుంచి ఏడు దాకానే కరెంటు. బయట పార్కింగులో ఇంజన్లు వేడి చేసుకునే స్తంభాలకి ఉన్నట్టే."

"ఎందుకు?"

"నా ఫ్రీజరు వల్ల. సొసైటీ కరెంటు తాగుతోందన్నారు. నిండా దుప్పి మాంసం పెట్టుకున్నాను, మొత్తం ఖాళీ చేయించారు. సెప్టెంబరు మీటింగులో ఒకడు లేచి నిలబడి మరీ మాట్లాడాడు, గరాజులు కార్లకే గానీ కబేళాలకి కాదని."

"ఎవరు?"

తౌనో ముక్కు తుడుచుకున్నాడు. చేతి తొడుగు వెనకనుంచి నవ్వుతున్నాడు.

"నీ మొగుడే."

నేను అక్కడే మంచులో నిలబడి లెక్క వేసుకున్నాను. ఐదు నుంచి ఏడు. నేను వెళ్ళేది ఆరింటికి. రోజూ ఆరింటికే, నిమిషం అటూ ఇటూ కాకుండా. ఒక్క రోజు బద్ధకించి ఎనిమిదింటికి వెళ్ళి ఉంటే నవంబరు రెండో తారీఖునే తెలిసిపోయేది. క్యాలెండరు మీద నూట రెండు టిక్కులున్నాయి.

"పోనీలే, రోజుకి రెండు గంటలైనా ఎక్కింది కదా," అన్నాను.

"ఏదీ, ఆ ఛార్జరు చూద్దాం."

చూశాడు. తిప్పి వెనక రాసింది చదివాడు. తల అడ్డంగా ఊపాడు.

"ఈ రకం కరెంటు పోయి వస్తే దానంతట అది మొదలుపెట్టదు. బొత్తాం నొక్కేదాకా దీపం వెలిగించుకుని ఊరికే కూచుంటుంది."

"అంటే దీపం..."

"ప్లగ్గులో కరెంటు ఉందని. అంతే. కారులో దొంగల అలారం ఉందా?"

"ఉంది."

"అది మాత్రం నిద్రపోదు. మూడు నెలలుగా నీ బ్యాటరీని గుటక గుటకగా తాగుతోంది."

ఛార్జరుతో వచ్చిన కాగితం ఇంట్లో సొరుగులో ఉంది. తర్వాత తీసి చూస్తే నాలుగో పేజీలో బొమ్మ వేసి మరీ రాశారు. మందు సీసా మీది అక్షరాలు కూడా వదలకుండా చదివే నేను, ఇల్పో ఏమీ చెయ్యక్కర్లేదన్నాడని ఆ కాగితం తెరవలేదు. గడియారం తప్పు అతనిది. కాగితం తప్పు నాది.

మీటరు తెచ్చి పెట్టాను. పన్నెండున్నర వోల్టుల పైన చూపించాలి. పదకొండు పాయింటు ఆరు చూపించింది. గరాజు లోపల మైనస్ పద్నాలుగు.

"నిండుగా ఉన్న బ్యాటరీని మా చలి ఏమీ చెయ్యదు," అన్నాడు తౌనో. "ఖాళీ అయితే లోపల ఉన్నది నీళ్ళలాగే గడ్డకడుతుంది. గడ్డకడితే పెట్టె పగులుతుంది. ఇప్పుడే ఛార్జింగు పెట్టకు, లోపల మంచు ఉంటే పేలుతుంది. ముందు ఇంట్లోకి తీసుకుపో. కరగనీ. కారకపోతే, ఉబ్బకపోతే అప్పుడు చూద్దాం."

"బతుకుతుందంటావా?"

"నేను ఎలక్ట్రీషియన్ని. పాస్టర్ని కాదు."

మైనస్ వైరు ముందు, తర్వాత ప్లస్. నేనే విప్పాను. వేళ్ళు స్పానరుకి అంటుకుపోతున్నాయి. పద్దెనిమిది కిలోల బ్యాటరీని పసిపిల్లలా గుండెకి ఆనించుకుని మంచు మీద అడుగులో అడుగు వేసుకుంటూ ఇంటికి నడిచాను. ముమ్మో తలుపు తీసింది.

"లింగన్ పళ్ళు ఏవి?"

ఇంట్లో గాలి బాగా ఆడే గది సౌనా పక్క గది ఒక్కటే. అక్కడ పెట్టాను. తొట్టిలో తెల్ల అంచులున్న పేపరు పరిచాను, ఒక్క చుక్క కారినా మరక కనపడాలని. యాసిడ్ కారితే వెంటనే చల్లడానికి చేతికందేటట్టు వంటసోడా డబ్బా పెట్టుకున్నాను. గంటకోసారి వెళ్ళి మోకాళ్ళ మీద కూచుని నాలుగు పక్కలా చూసేదాన్ని. బ్యాటరీ నల్లటి ఒంటి మీద మంచు పొడి కరిగి నీటి బొట్లయింది. ప్రతి బొట్టు దగ్గరా నా ప్రాణం పోయేది. గుడ్డతో అద్ది, నీళ్ళేనని తేలాక ఊపిరి పీల్చుకునేదాన్ని.

శుక్రవారం మధ్యాహ్నానికి పేపరు పొడిగానే ఉంది. తౌనో వచ్చి చేత్తో తడిమాడు. పక్కలు ఉబ్బలేదు.

"తక్కువలో పెట్టు," అన్నాడు. "తొందరపడకు. మూడు రోజులు పట్టనీ."

అలా శనివారం వచ్చింది. అలా ముమ్మో తువ్వాలు వేసుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఇదేంటి ఇక్కడ?"

"ముమ్మో, ఇవాళ సౌనా లేదు. ఛార్జింగులో ఉంది. దీని పక్కన వేడి పెట్టకూడదు, నిప్పు పెట్టకూడదు."

"నేను యుద్ధంలో పుట్టినదాన్ని. అప్పుడు కూడా శనివారం సౌనా ఉండేది."

"తెలుసు."

"మా ఆయన చనిపోయిన వారం కూడా ఉంది. నేనే వెలిగించాను."

"తెలుసు ముమ్మో."

"ఇల్పో ఇక్కడుంటే దీన్ని పట్టుకెళ్ళి బయట పారేసి కొత్తది తెచ్చేవాడు. నువ్వూ తెచ్చుకో. అదే రకం, అదే నలుపు. పెట్టేసి మూత వెయ్యి. వాడి మొహానికి తెలుస్తుందా?"

"తెలీదు."

"మరి?"

"నాకు తెలుస్తుంది కదా."

ముమ్మో తువ్వాలు తీసి మడతపెట్టి, కాఫీ కప్పు తెచ్చుకుని బెంచీకి ఇటు చివర కూచుంది. బ్యాటరీ అటు చివర, మధ్యలో నేను. ఛార్జరు సన్నగా గుయ్యిమంటోంది.

"అంత కావాలా నీకు, ఆ స్టీరింగు?"

"కావాలి."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"అందరి ముందూ పదకొండేళ్ళుగా చెబుతూనే ఉన్నాను."

ఆవిడ తొట్టిలోకి వంగి చూసింది. "ఈ మూల తడిగా ఉందే?" అంది కంగారుగా. ఇద్దరం ఒకేసారి వంగాం. తలలు ఢీకొన్నాయి. అది ఆవిడ కాఫీ కప్పులోంచి పడిన చుక్క. నవ్వు ఆగలేదు, ఇద్దరికీ. ఆ సాయంత్రం ముమ్మో వంటింటి సింకు దగ్గర వేడినీళ్ళతో తల కడుక్కుని, ఇంకెవరికీ చెప్పొద్దని నాచేత మాట తీసుకుంది.

ఆదివారం ఇల్పో ఓడ నుంచి ఫోను చేశాడు. లైను మధ్య మధ్యలో తెగుతోంది.

"దీపం వెలుగుతోందా?"

"ఇల్పో, బ్యాటరీ పడుకుంది. పదకొండు పాయింటు ఆరుకి దిగింది."

"మర్యుత్! చూడమన్నాను కదా!"

"చూశాను. ఐదు నుంచి ఏడు లోపల రోజూ చూశాను."

"ఐదు నుంచి ఏడు ఏంటి?"

అటువైపు ఇంజను గది హోరు వినిపిస్తోంది. ఆ హోరులోనే అతనికి గుర్తు రావడం నాకు వినిపించింది.

"ఆ గడియారం..."

"కబేళా," అన్నాను.

"అయ్యో దేవుడా."

ముమ్మో ఫోను దగ్గరికి మూతి పెట్టి అరిచింది. "తౌనో మాంసం ఉసురు తగిలింది నీకు!"

అతను నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "విను. ఇది నా తప్పు. పందెం సంగతి వదిలెయ్. కొత్త బ్యాటరీ తెచ్చి పెట్టు. మే ఒకటిన అది తిరిగితే నువ్వే నడుపు. నేనేమీ అనను."

అదే నేను పదకొండేళ్ళుగా అడిగింది. అతను ఇస్తున్నాడు, అంత తేలిగ్గా, సముద్రం మీదనుంచి. సరే అంటే అయిపోయేది.

"వద్దు," అన్నాను. "కొత్తది ఎవరు తిప్పినా తిరుగుతుంది. అనుకున్నది అనుకున్నట్టే. ఇదే బ్యాటరీ, ఒక్క తిప్పు."

"తిరక్కపోతే?"

"తిరక్కపోతే ఇంకెప్పుడూ అడగను."

లైను తెగింది. ముమ్మో నావైపు చూసి "పిచ్చిదానా," అంది. అని లేచి వెళ్ళి పాన్‌కేకు పిండి కలిపింది, ఆ రోజు గురువారం కాకపోయినా.

మార్చి, ఏప్రిల్ నెలలు నాకు ఒకే ఒక్క రోజులా గుర్తున్నాయి. బ్యాటరీకి ఇంటి వెనక సామాన్ల గది ఇచ్చాం. అక్కడ చల్లగా ఉంటుంది, గడ్డకట్టదు. మూడు వారాలకోసారి నింపేదాన్ని. ఛార్జరు తీసిన వెంటనే కొలిస్తే మీటరు పొగుడుతుందని తౌనో చెప్పాడు, అందుకని ఒక రాత్రి ఊరుకోనిచ్చి మర్నాడు కొలిచేదాన్ని. మొదట పన్నెండు పాయింటు మూడు. తర్వాత నాలుగు. మార్చి చివర్లో ఒకసారి ఐదు వచ్చింది. ఆ రోజు గరిటె పట్టుకుని వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి గుమ్మందాకా ఐదో గేరులో వెళ్ళాను. టిక్కులు పెట్టడం మానేశాను. ఒక్కోసారి పొద్దున, ఒక్కోసారి మధ్యాహ్నం, ఎప్పుడు పడితే అప్పుడు వెళ్ళి చూసేదాన్ని.

ఏప్రిల్ మధ్యలో తౌనో తన పాత పరీక్ష యంత్రం తెచ్చాడు. అది బ్యాటరీని ఇంజను లాగినట్టే గట్టిగా లాగి చూస్తుంది. ముల్లు దిగి, వణికి, మధ్యలో ఆగింది.

"కొంత పోయింది," అన్నాడు. "చచ్చిపోయి లేచిన మనిషి బరువు మోసినట్టు ఉంటుంది. ఒక తిప్పు ఇస్తుంది. రెండోది అడక్కు."

"నాకు ఒకటే కావాలి."

"చలిగా ఉంటే ఆ ఒకటి కూడా చెప్పలేను."

ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన ఇల్పో ఇంటికొచ్చాడు. గడ్డం పెంచుకుని, ఎండకి నల్లబడి. బ్యాటరీ గురించి నేను ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు. వచ్చిన రోజే తౌనో ఇంటికి వెళ్ళి ఏదో మాట్లాడి వచ్చాడు. ఏం మాట్లాడావంటే "ఫ్రీజరు గురించి" అన్నాడు. ముప్పయ్యో తారీఖు మధ్యాహ్నం ఆకాశం బూడిదరంగుకి తిరిగింది. పోయిందనుకున్న చలికాలం వెనక్కి వచ్చింది. సాయంత్రానికి నాలుగు వేళ్ళ మందాన మంచు.

మే ఒకటి పొద్దున మైనస్ మూడు. ఎండ వచ్చింది, తారురోడ్డు పదిన్నరకల్లా ఆరడం మొదలెట్టింది. పదకొండింటికి ఊళ్ళో కార్లన్నీ రేవు దగ్గర వరస కడతాయి. నేను చదువు ముగించినప్పటి తెల్ల టోపీ పెట్టుకున్నాను. ఆ రోజు అందరం పెట్టుకుంటాం. ఇల్పో గరాజు తలుపు ఎత్తి, ముసుగు లాగి, ముందు మూత తీశాడు. బ్యాటరీ ఉండాల్సిన చోటు ఖాళీ.

"ఏదీ?"

అప్పుడు ముమ్మో ఇంట్లోంచి బయల్దేరింది. మంచు మీద లాగే చిన్న బండిలో, ఉన్ని దుప్పటి చుట్టి, బ్యాటరీని లాక్కుంటూ వస్తోంది.

ఇల్పో చేతులు నడుం మీద పెట్టుకున్నాడు. "ఇదేం న్యాయం! వెచ్చగా పడుకోబెట్టి తెస్తారా?"

"పందెం కొట్టి ఖాయం చేసింది నేను," అంది ముమ్మో. "ఎక్కడ పడుకోవాలో ఎవరూ అనలేదు. రాత్రి నా మంచం పక్కన పడుకుంది. నీకంటే నయం. గురకపెట్టలేదు."

అప్పటికి వరసలోని ఇళ్ళవాళ్ళు నలుగురైదుగురు కాఫీ కప్పులతో బయటికొచ్చారు. తౌనో అందరికంటే ముందున్నాడు. దుప్పటి విప్పాను. బ్యాటరీ ఇంకా గోరువెచ్చగా ఉంది. దింపి, ప్లస్ ముందు, మైనస్ తర్వాత, స్పానరుతో బిగించాను. ఎవరూ సాయం వస్తాననలేదు. ఆ మర్యాద వాళ్ళందరికీ ఉంది.

కారులో కూచున్నాను. సీటు ముందుకి లాక్కున్నాను. రేడియో, లైట్లు, గాలి పంకా ఒక్కొక్కటీ ముట్టుకుని అన్నీ ఆపి ఉన్నాయని చూసుకున్నాను. క్లచ్చు పూర్తిగా తొక్కాను, ఇంజనుకి ఆ కాస్త బరువైనా తగ్గాలని. తాళం సగం తిప్పితే వెనక పెట్రోలు పంపు గుయ్యిమంది. అది ఆగేదాకా ఆగాను. ఇల్పో కారు ముందు నిలబడి ఉన్నాడు. అతని పెదవులు లెక్కపెడుతున్నట్టు కదులుతున్నాయి.

తిప్పాను.

ఊ... అంది. ఆగినట్టే అయింది. మళ్ళీ ఊ... ఇంకా నెమ్మదిగా. డాష్‌బోర్డు మీది ముళ్ళన్నీ దిగిపోయాయి. ఆరు నెలల నిద్రలోంచి ఎవరో నిలబడ్డానికి గోడ తడుముకుంటున్నట్టుంది. నా చెయ్యి తాళం మీదే ఉంది. వదిలితే అది రెండో తిప్పు. వదల్లేదు. ఊ... ఊ... మూడోసారి ఇంజను పూర్తిగా ఒక చుట్టు తిరగడం నా వీపుకి తెలిసింది. నాలుగోసారి ఒక సిలిండరు దగ్గింది. తర్వాత రెండు. తర్వాత ఎనిమిదీ ఒక్కసారిగా అందుకున్నాయి. గరాజు రేకు తలుపు గడగడలాడింది, పైకప్పు మీది మంచు ఒక పలకలా జారి తౌనో భుజాల మీద పడింది.

జనం అరిచారో లేదో నాకు తెలీదు. నాకు ఇంజను తప్ప ఏమీ వినపడలేదు. ముమ్మో రెండు చేతులూ పైకెత్తి గుండ్రంగా తిరుగుతోంది. అది మాత్రం కనిపించింది.

ఇల్పో ముందు మూత దించి, అరచేత్తో నొక్కి మూశాడు. చుట్టూ తిరిగి కుడివైపు పక్క సీటు దగ్గరికి వచ్చి, తలుపు తీసి, పొడుగాటి కాళ్ళు మడిచి లోపలికి దూరాడు. మోకాళ్ళు డాష్‌బోర్డుకి కొట్టుకున్నాయి.

"ఈ సీటు వెనక్కి ఎలా జరుగుతుంది?"

"కింద కుడివైపు మీట ఉంటుంది."

తడుముకున్నాడు. సీటు టకీమని వెనక్కి పోయింది, అతనూ పోయాడు. నవ్వు ఆపుకుని మొదటి గేరు వేశాను. వీధి చివరిదాకా మెల్లగా. చలికి టైర్లు ఇంకా గట్టిగా ఉన్నాయి, నీడ పడ్డ చోట మంచు ఉంది. మలుపు తిరిగాక చెరువు పక్కన రోడ్డు, పొడిగా, తిన్నగా, ఎండలో. రెండో గేరు. కాలు కొంచెం కిందికి పెట్టాను. కొంచెమే. కారు మా ఇద్దరినీ సీట్లకి అదిమేసింది.

పక్కకి చూశాను. ఇల్పో ఒక చెయ్యి తలుపు మీద, కుడి కాలు నేలమీద గట్టిగా అదిమి ఉంది.

"అక్కడ బ్రేకు లేదు," అన్నాను.

"తెలుసు."

"మరి ఎందుకు తొక్కుతున్నావు?"

కాలు తీశాడు. నేను మూడో గేరు వేశాను.